కొమ్ములు నాలుగుంటే స్పీడ్ నాలుగింతలా?

ప్రశ్న: మా రౌటర్‌కి నాలుగు యాంటెన్నాలున్నాయి. అన్నీ నిటారుగా నిలబెట్టాను. అయినా సరిగ్గా పై గదిలోనే వీడియో కాల్ ఆగి ఆగి వస్తోంది. యాంటెన్నాలు ఎక్కువుంటే స్పీడ్ పెరుగుతుందంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: సగం నిజమేనమ్మా. ముందు పై గది సంగతి చూద్దాం. పుల్లలాంటి యాంటెన్నా చుట్టూ సిగ్నల్ గారెలా పరుచుకుంటుంది. పుల్ల చిల్లులో ఉన్నట్టు. కొన చూపించే వైపు సిగ్నల్ పలచన. మీరు నిటారుగా పెట్టి ఆ చిల్లునే పై గదికి చూపించారు! ఒకటి రెండు పడుకోబెట్టండి. మా ఇందిరానగర్ ఇంట్లో అలా చేశాకే మా ఆవిడ సణుగుడు తగ్గింది. రౌటర్ ఇనప బీరువా పక్కన ఉంటే మాత్రం ముందు అక్కణ్ణుంచి తీయండి.

ఇక స్పీడ్. 1948లో అమెరికన్ గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ ఇచ్చిన లెక్క ప్రకారం, ఒకే దారిలో పవర్ పెంచుకుంటూ పోతే లాభం అంతంత మాత్రమే. సిగ్నల్ బాగున్నచోట పవర్ రెట్టింపు చేసినా, వాడే ఫ్రీక్వెన్సీ వెడల్పులో ఒక్కో హెర్ట్జ్‌కి సెకనుకు అదనంగా వచ్చేది ఒక్క బిట్టే (బిట్ అంటే డేటాలో అతిచిన్న ముక్క). యాంటెన్నాలు పెంచితే అదే ఫ్రీక్వెన్సీలో డేటాకి వేర్వేరు దారులు తెరవొచ్చు. రెండు వైపులా పలు యాంటెన్నాలు వాడే ఈ పద్ధతినే మైమో (MIMO) అంటారు. గోడలకు తగిలి చెల్లాచెదురయ్యే తరంగాలు ఆ దారులను వేరుచేసి ఇక్కడ మేలే చేస్తాయి. కాకపోతే యాంటెన్నాల మధ్య సుమారు అర తరంగదైర్ఘ్యం, అంటే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 6 సెంటీమీటర్ల ఎడం ఉంటే మంచిది. మరీ దగ్గరైతే అన్నీ దాదాపు ఒకటే వింటాయి. పైగా మీ ఫోన్‌లో వైఫైకి రెండే యాంటెన్నాలుంటే, రౌటర్‌కి ఎనిమిదున్నా దానికి దొరికే దారులు రెండే.