అమ్మమ్మగారి దగ్గరికి ఫోటో పట్టుకెళ్ళే ముందు

చిరంజీవి అబ్బాయికి అత్తయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. మీ ఆవిడ వాళ్ళ అమ్మమ్మగారి ట్రంకుపెట్టెలో దొరికిన గోదారి ఫోటో ఒకటి, అమ్మమ్మగారు కూనిరాగం తీస్తుంటే ఫోన్‌లో పట్టిన రెండు ముక్కల పడవ పాట ఒకటి. ఈ రెండూ దగ్గర పెట్టుకుని, గోదారి ఒడ్డున ఉన్న వాళ్ళ ఊరు దేవీపట్నం కబుర్లు రాయాలని ఉంది, ఎలా మొదలుపెట్టను అని అడిగావు. "మీ ఊరి కథలు చెప్పండి అమ్మమ్మగారూ" అని మాత్రం మొదలుపెట్టకు. "ఏముంది బాబూ చెప్పడానికి" అంటారు. ఊడుపు పాటల కోసం నోటు పుస్తకం పట్టుకుని నేను ఊళ్ళు తిరిగిన రోజుల్లో ఆ జవాబు వినని గుమ్మం లేదు.

ముందు ఫోటో సంగతి. అద్దానికి అంటుకుపోయి ఉంటే పీకకు, పైపొర ఊడొస్తుంది. ఫ్రేముతోనే పగటి వెలుతురులో ఫోటో తీసుకో. విడిగా ఉంటే స్కాన్ చేయించు, వెనక వైపు కూడా. స్టూడియో ముద్రో, పెన్సిల్‌తో రాసిన పేరో ఉంటే అక్కడే ఉంటుంది. తర్వాత పోస్టుకార్డుకి రెట్టింపు సైజులో ప్రింటు వేయించు. పెద్దవాళ్ళకి ఫోన్‌లో చూపిస్తే వేలు తగిలి బొమ్మ జరిగిపోతుంది, వాళ్ళ ధ్యాసంతా ఆ ఫోన్ మీదే ఉంటుంది. ఇంకోటి, యాప్‌లో పెట్టి రంగులు వేయించకు. అది గోదారికి నీలం పూస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో మన గోదారి ఎర్రగా ఉంటుందని దానికేం తెలుసు?

ఫోటో తీసుకెళ్ళే ముందు నువ్వు ఒక్కడివే కూర్చుని బాగా చూడు. రాజమండ్రి దగ్గర తీసిందైతే నా పని సులువయ్యేది, వంతెనలే కాలం చెప్పేస్తాయి. హేవలాక్ వంతెన 1900లో వచ్చింది. రోడ్డు, రైలు కలిసిన వంతెన 1974లో. హేవలాక్ పక్కన విల్లులాంటి ఆర్చీలు కనిపిస్తే అది 1990ల తర్వాతి ఫోటో. దేవీపట్నం రేవులో ఆ సుఖం లేదు. అక్కడ నీళ్ళని చూడాలి. ఇసుక తిప్పలు బయటపడి ఉంటే ఎండాకాలం. నీళ్ళు గట్టుని ఒరుసుకుంటూ ఉంటే వరద రోజులు. పడవకి తెరచాప ఉందా, గెడకర్రతో తోస్తున్నారా, లేక గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగుతున్నారా? వెదురు తెప్పలు కనిపిస్తున్నాయా? కొండల్లోంచి రాజమండ్రికి వెదురు అలాగే వచ్చేది.

నువ్వెంత చూసినా అక్కడి మనుషులు చూసినంత చూడలేవనుకో. ఒక రేవులో పడవ నడిపే ఒక ముసలి సరంగుకి ఇలాంటి ఫోటోనే చూపించాను. అందులో ముందు నిలబడ్డ పెళ్ళిబృందం ఎవరో చెబుతాడని నా ఆశ. ఆయన వాళ్ళ వంక చూడనే లేదు. "మెట్ల మీద తడిచార లేదు చూడండమ్మా. వరద తీస్తుంటే నీళ్ళకి పైన బురద గీత ఉంటుంది. ఇక్కడ పొడి మెట్టు, దాని కిందే నీళ్ళు. అంటే ఎక్కుతోంది. ఇలాంటప్పుడు పడవ విప్పకూడదు" అన్నాడు. మరి ఎందుకు విప్పారు అని అడిగాను. అంతే, ముహూర్తం దాటిపోతుందని మగపెళ్ళివారు పట్టుబట్టిన వైనం, అవతలి ఒడ్డున పడవ ఎక్కడో కిందకి పోయి ఆగడం, పెళ్ళికూతురు బురదలో నడిచి పీటల మీదకి రావడం, అన్నీ వరసగా వచ్చాయి. "ఇందులో ఉన్నది ఎవరు" అని అడిగి ఉంటే రెండు పేర్లు దొరికేవి. అందుకని ఎవరు అనే ప్రశ్న చివరికి ఉంచుకో. ఫోటో తీసినాయన ఎక్కడ నిలబడ్డాడు, ఆయన వీపు వెనక ఏముండేది అని అడుగు. బొమ్మలో పడని దుకాణం, చెట్టు, పోలేరమ్మ గుడి, పశువులు దిగే బాట, ఇవన్నీ ఆవిడ నీకు వేలితో గాలిలో గీసి చూపిస్తారు. ఒక కాగితం ఇచ్చి గీయమను. ఊరు ఇప్పుడు పోలవరం డ్యామ్ కోసం నదికి అడ్డంగా వేసిన తాత్కాలిక కట్ట, అదే కాఫర్ డ్యామ్, దాని వెనక నీళ్ళ పాలైంది కాబట్టి ఆ కాగితం పారేయకు.

సంవత్సరాలు అడగొద్దు. మన వైపు ఆడవాళ్ళకి గోదారే క్యాలెండరు. "ఎనభయ్యారు వరదకి ముందా తర్వాతా" అని అడుగు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకి వెళ్ళింది, ఆ వరద చూసినవాళ్ళెవరూ దాన్ని మరిచిపోరు. ఇంకా పాత సంగతైతే యాభైమూడు వరద ఉంది. పుష్కరాలు ఎలాగూ ఉన్నాయి: 1967, 1979, 1991, 2003, 2015. "పెద్దాడు పుట్టిన పుష్కరాలు" అన్నారంటే లెక్క నువ్వు కట్టుకో.

ఇప్పుడు పాట. ఫోటో చూస్తే మనుషులు వేలు పెట్టి చూపిస్తారు, సరిదిద్దుతారు, వాదిస్తారు. పాట వింటే అలా కాదు, కాసేపు మాట్లాడరు. ఆ కాసేపు నువ్వు కూడా నోరు మూసుకుని ఉండాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. మాటల మధ్య ఖాళీ వస్తే మీ తరానికి టెన్షన్, వెంటనే ఇంకో ప్రశ్న వేస్తారు. అందుకే రెండూ ఒకేసారి బయటపెట్టకు. ఒక పూట ఫోటో, ఇంకో పూట పాట. ఆవిడ పాటని ఆవిడకే ఫోన్‌లో వినిపించకు, సిగ్గుపడిపోతారు. నువ్వే పాడు. నీ గొంతు సంగతి నాకు తెలుసు, అదే ఇక్కడ పనికొస్తుంది. రెండో ముక్క దగ్గర ఎలాగూ తప్పుతావు. "అలా కాదు బాబూ" అంటూ ఆవిడే అందుకుంటారు, మిగతా చరణాలు అప్పుడు బయటికొస్తాయి.

పాటకి అర్థం అడగొద్దు. పడవ పాటలో సగం మాటలు తెడ్డు దెబ్బకి తగ్గట్టు పడ్డవే. హైలెస్సా అన్నచోట చేతులు ఎలా కదిలేవో చూపించమను. ఇంకో మాట గమనించు. పడవ నడిపింది మగవాళ్ళు, ఆవిడ కాదు. అయినా పాట ఆవిడకి వచ్చింది. అంటే ఎక్కడో ఒకచోట నిలబడి విన్నారు కదా. రేవులోనా, ఇంట్లోనా? ఆ వేళప్పుడు ఏ పని చేస్తుండేవారు? ఆ పడవలో వచ్చేదెవరు? నీకు కావలసిన కథ అక్కడుందని నా అనుమానం. నేను పక్కనుండి అడగలేను కాబట్టి నువ్వే అడగాలి.

ఆవిడ కన్నీళ్ళు పెట్టుకోవచ్చు. రికార్డింగ్ ఆపమంటే ఆపెయ్, ఆపినట్టు నటించకు. ఊరు మునిగినవాళ్ళకి కాలనీలో ఇచ్చిన ఇంటి గురించి, పరిహారం ప్యాకేజీ డబ్బు గురించి, ఎవరి పేరు జాబితాలో ఎక్కలేదో దాని గురించి మాట్లాడటం మొదలుపెడితే, "అది కాదండీ, గోదారి సంగతి చెప్పండి" అని దారి మళ్ళించకు. అదీ గోదారి సంగతే. పాపికొండల అందం, పులస పులుసు రాయడానికి బోలెడుమంది ఉన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ రాతలు చదివి చదివి నాకు విసుగొచ్చింది. ఒడ్డున బతికినవాళ్ళకి నది అంటే రేవు తగాదాలు, తడిసిన ధాన్యం, లాంచీ తప్పిపోతే ఆగిపోయిన ప్రయాణాలు కూడాను.

అమ్మమ్మగారి చెల్లెలు కూడా అక్కడే ఉంటారన్నావు. ఆవిడని రెండో రోజు పిలువు, మొదటి రోజు వద్దు. ఇద్దరూ చెప్పేది కలవదు. గండి పోశమ్మ గుడికి వెళ్ళింది పడవలో అని ఒకరు, నడిచి అని ఒకరు అంటారు. తీర్పు చెప్పకుండా రెండూ రాసుకో.

ఫోన్‌ని బల్ల మీద మడతపెట్టిన తువ్వాలు వేసి పెట్టు, ఫ్యాను ఆపమని అడుగు, కాల్స్ రాకుండా చూసుకో. పాట వచ్చిన రికార్డింగుని ముక్కలు చెయ్యకుండా అలాగే ఉంచు, ముందు వెనకల దగ్గు, నవ్వు అన్నీ పాటలో భాగమే. వాళ్ళని అడగకుండా ఒక్క ముక్క కూడా ఏ గ్రూపులోనూ పెట్టొద్దు. ఫోటో అసలు కాపీ ఆవిడ పెట్టెలోకే తిరిగి వెళ్ళాలి, నీకు ప్రింటు చాలు.

పొద్దున్నే వెళ్ళు, మధ్యాహ్నం ఆవిడని పడుకోనివ్వు. వెళ్ళేముందు నాకు ఫోన్ చెయ్. పాట రెండో ముక్కలో నాకొక అనుమానం ఉంది, ఏం అడగాలో చెబుతాను.

ఇట్లు,
మీ అత్తయ్య