సముద్రం అడుగున సూటి దారి ఎందుకు కుదరదు?

ప్రశ్న: ఇంటర్నెట్ కేబుళ్ల మ్యాపు చూస్తే రెండు తీరాల మధ్య గీతలన్నీ వంపులు తిరిగి కనిపిస్తాయి. సముద్రంలో అడ్డం ఏముంటుందని? సూటిగా వేస్తే ఖర్చు తగ్గదా? గ్యాస్ పైపులైను కూడా అదే దారిలో వేసుకోవచ్చు కదా?

జవాబు: ఆ మ్యాపుల్లో గీతలు చాలావరకు చూడ్డానికి వీలుగా గీసినవే లెండి, అచ్చంగా అవే దార్లు కావు. అయితే అసలు దారి కూడా సూటిగా ఏమీ ఉండదు.

కేబుల్ తెగిందంటే చాలామంది సొరచేప కొరికిందేమో అనుకుంటారు గానీ, అసలు తంటా మనుషులతోనే. ప్రపంచం మొత్తమ్మీద ఏటా 150 నుంచి 200 దాకా కేబుళ్లు దెబ్బతింటుంటే, అందులో 70-80 శాతం చేపల వలల వల్లా ఓడల లంగర్ల వల్లా జరిగేవే. అందుకే ఓడలు లంగరు వేసే చోట్లు, అడుగంటా వలలు లాగే చోట్లు వీలైనంత తప్పిస్తారు. తప్పించలేని చోట ఇనుప తీగల తొడుగున్న కేబుల్ వేసి, నాగలి లాంటి యంత్రంతో ఒకటి రెండు మీటర్ల లోతున పూడ్చేస్తారు. కింద రాయి తగిలితే ఆ నాగలి దిగదు, కాబట్టి మెత్తటి నేల కోసం చుట్టు తిరిగినా సరే, అదే నయం.

లోతుకు పోయాక వలల బెడద తగ్గుతుంది, వాలు భయం మొదలవుతుంది. 1929 నవంబర్‌లో కెనడా తీరాన గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర భూకంపం వస్తే కొన్ని టెలిగ్రాఫ్ కేబుళ్లు వెంటనే తెగాయి, మిగతావి ఒకదాని తర్వాత ఒకటి, పై నుంచి కిందికి, 13 గంటల పాటు తెగుతూనే పోయాయి. వాలు విరిగిపడి బురద ప్రవాహమై పరుగెత్తింది మరి. ఏ కేబుల్ ఏ టైముకు తెగిందో రికార్డు ఉండబట్టి, ఆ ప్రవాహం ఎంత వేగంతో పోయిందో తర్వాత శాస్త్రవేత్తలు లెక్కకట్టగలిగారు. 2020లో కాంగో నది ముందున్న సముద్రపు లోయలోనూ ఇలాంటి ప్రవాహమే కేబుళ్లను తెంపింది. వాలు దిగక తప్పకపోతే దానికి అడ్డంగా కాకుండా నేరుగా కిందికి దింపడం మేలు, అడ్డంగా ఉంటే జారే మట్టి దెబ్బంతా దాని మీదే పడుతుంది.

పైపులైను సంగతి వేరు. కేబుల్ తిరిగినట్టు అది తిరగలేదు, మలుపు చాలా పెద్దగా ఉండాలి. ఎగుడుదిగుడు నేల మీద వేస్తే రెండు మిట్టల మధ్య గాల్లో తేలినట్టు నీళ్లలో వేలాడుతుంది. కింది నుంచి ప్రవాహం పోతుంటే పైపు అదురుతుంది, ఆ అదురుకి ఏళ్ల తరబడి లోహం అలసిపోయి పగులు రావచ్చు. నార్వే తీరానికి అవతల సముద్రంలో ఉన్న ఓర్మెన్ లాంగె గ్యాస్ క్షేత్రం, దాదాపు 8,200 ఏళ్ల కిందట స్టోరెగ్గా అనే చోట సముద్రపు అడుగు వాలు జారిపడగా మిగిలిన గుంటలోనే ఉంది, అక్కడ పైపు వేయడానికి ముందు అడుగును కొన్నిచోట్ల తవ్వి, కొన్నిచోట్ల రాళ్లు పోసి చదును చేయాల్సి వచ్చింది.

ఇక రెండూ ఒకే దారిలో అంటారా, ఒకదాన్నొకటి దాటొచ్చు, అదీ లంబకోణానికి దగ్గరగా, మధ్యలో రక్షణ పెట్టి. పక్కపక్కనే మాత్రం వేయరు. లోతు నీళ్లలో తెగిన కేబుల్‌ను పైకి తీయాలంటే ఓడ నుంచి కొక్కెం దింపి సముద్రపు అడుగున ఈడుస్తారు. పక్కనే నిండుగా గ్యాస్ పోతున్న పైపు ఉంటే ఆ కొక్కెం దింపడానికి ఎవరూ ఒప్పుకోరు.