మార్పులు చేయించిన 1966 మస్టాంగ్ కన్వర్టిబుల్‌ను ఎలా అమ్మాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: 1966 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్, అంటే పైకప్పు మడిచే కారు. ఆరు సిలిండర్ల ఇంజను తీయించి వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజను) పెట్టించారు. గేర్‌బాక్స్, బ్రేకులు, సీట్లు కూడా మార్పించారు. పెట్టిన ఖర్చు తిరిగి రావాలంటే ఎక్కడ అమ్మాలి, అమ్మే ముందు కొత్తగా రంగు వేయించాలా అని అడుగుతున్నారు. దాదాపు ఇదే జాతకం ఉన్న కారును నేను కాలిఫోర్నియాలో అమ్మాను.

ఖర్చు సంగతి ముందే తేల్చేద్దాం: తిరిగి రాదు. నా బిల్లుల మొత్తంలో సగానికి కాస్త పైన వచ్చింది. అదే మంచి బేరమని ఈ కార్లు కొని అమ్మేవాళ్లు అన్నారు. పెళ్లికి కొలతలిచ్చి కుట్టించుకున్న సూటును ఇంకొకరికి అమ్మబోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఫ్యాక్టరీలో ఎలా తయారైందో అలాగే ఉండాలనే పట్టుదల ఉన్నవారు మీ కారు బానెట్ ఎత్తి చూసి, నమస్కారం పెట్టి వెళ్లిపోతారు. వారిని ఒప్పించాలని చూడకండి. మీ కారు కొనే మనిషి వేరు. ఆదివారం పూట టాప్ దించి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, మధ్యలో ఆగిపోతుందన్న భయం లేకుండా సముద్రం దాకా నడుపుకుంటూ వెళ్లాలనుకునే మనిషి. అతనికి ఐదు గేర్ల టీ-5 గేర్‌బాక్స్, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, ఏసీ ఉంటే విలువే. మనం ముచ్చటపడి వేయించుకున్న తోలు సీట్లకు, స్టీరింగ్‌కు మాత్రం పైసా కట్టడు.

అయితే అతనూ అమాయకుడేమీ కాదు. మొదట అడిగేది విన్ నంబరు ఫొటో, అంటే ఫ్యాక్టరీ ప్రతి కారుకూ వేసే గుర్తింపు నంబరు. ఆ ఏడాది మస్టాంగ్ నంబరు 6ఆర్08టీ అని మొదలైతే, 6 అంటే 1966 మోడల్, ఆర్ అంటే శాన్ హోసే ప్లాంటు, 08 అంటే కన్వర్టిబుల్, టీ అంటే 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను. ఇందులో 08 మీకు బంగారం. మామూలు హార్డ్‌టాప్ (రేకు పైకప్పు కారు) పైకప్పు కోసేసి కన్వర్టిబుల్‌గా మార్చిన కార్లు కూడా తిరుగుతుంటాయి. వాటి నంబరులో 07 ఉంటుంది. టీ అన్న అక్షరం మాత్రం మీ వీ8 ఫ్యాక్టరీది కాదని, తర్వాత పెట్టించిందని చెప్పేస్తుంది. అందుకే ప్రకటన మొదటి వాక్యంలోనే ఆ మాట మీరే చెప్పేయండి. దాచిన సంగతి కొనేవాడు కనిపెడితే ధర తగ్గించడంతో సరిపెట్టుకోడు, మిగతావన్నీ కూడా అనుమానిస్తాడు.

శాన్ హోసే ప్లాంటు అంటున్నాం కానీ అది ఉండింది పక్క ఊరు మిల్పిటాస్‌లో. 1983లో మూతపడింది, 1994లో అదే భవనం గ్రేట్ మాల్ అనే షాపింగ్ మాల్ అయింది. ఇండియా ప్రయాణానికి ముందు మనవాళ్లు సూట్‌కేసులు నింపుకునే చోటే ఒకప్పుడు ఈ కార్లు బిగించేవారు. మీ కారు నంబరులో ఆర్ ఉంటే ఈ ముక్క ప్రకటనలో రాయండి. బే ఏరియా (శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసే ప్రాంతం) వాళ్లకు అది సొంత ఊరి కారు అవుతుంది.

తర్వాత అసలు పరీక్ష కారు కింద జరుగుతుంది. మస్టాంగ్‌కు విడి చట్రం ఉండదు, బాడీయే చట్రం. కన్వర్టిబుల్‌కు పైకప్పు బలం లేదు కాబట్టి తలుపుల కింది భాగంలో, నేల కింద అదనపు రేకులతో గట్టిపరిచారు. అక్కడ తుప్పు పడితే కారు నడుము వంగుతుంది, తలుపు సందులు పైన ఒకలా, కింద ఒకలా కనిపిస్తాయి. నా దగ్గరికి వచ్చినవారిలో బేరం తెలిసినవాళ్లంతా ఇంజను కంటే ముందు తలుపు తీసి, వేసి చూశారు. ఇంకొకరు అద్దం ముందరి గాలి రంధ్రాలలో సీసాతో నీళ్లు పోసి, లోపల కార్పెట్ తడిసిందా అని చూశారు. ఆ కాలపు మస్టాంగ్‌లలో అక్కడ తుప్పు పట్టడం మామూలే. నాకు ఆయన మీద కోపం రాలేదు, గౌరవమే కలిగింది. మీరు కారును లిఫ్టు మీద పెట్టించి కింద భాగం ఫొటోలు శుభ్రంగా తీయించండి.

వీ8 పెట్టినవారిని తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది: ఇంజను ఒక్కటే మార్చారా, దాని బరువుకు, బలానికి తగ్గట్టు మిగతావీ మార్చారా? ఆరు సిలిండర్ల కారుకు చక్రానికి నాలుగు నట్లు, వీ8కు ఐదు. వెనక యాక్సిల్ కూడా వేరు, వీ8కు ఇచ్చింది గట్టిది. చక్రాల ఫొటో చూడగానే తెలిసినవాడికి సగం కథ తెలిసిపోతుంది. ఇవన్నీ మార్పించి ఉంటే రసీదులను తేదీల వరుసలో ఫైలు చేయండి. పాత ఇంజను గరాజులో మూలపడి ఉంటే తుక్కుకు వేయకుండా కారుతో పాటే ఇవ్వండి. నా బేరం చివర్లో కుదిరింది దానివల్లే: కావాలంటే మళ్లీ పాతరూపుకు తెచ్చుకోవచ్చన్న భరోసా.

ఎక్కడ అమ్మాలంటే, బ్యారెట్-జాక్సన్ లాంటి పెద్ద వేలాల మోజులో పడకండి. అక్కడ ఎక్కువ కార్లకు కనీస ధర హామీ ఉండదు. హాలులో ఆ రోజు మీ కారు మీద ఇద్దరికి మనసు పడితే సరే, లేకపోతే నష్టమే. బ్రింగ్ ఎ ట్రెయిలర్ లాంటి ఆన్‌లైన్ వేలంలో రిజర్వ్ ధర, అంటే అంతకు తక్కువకు అమ్మననే ధర, పెట్టుకునే వీలుంది. ప్రకటన కింద వచ్చే ప్రశ్నలకు ఓపికగా, వెంటనే జవాబిస్తే అదే సగం అమ్మకం. పాత కార్ల పత్రిక హెమ్మింగ్స్‌లో ప్రకటన నిదానంగా పనిచేస్తుంది కానీ వచ్చేవారు తెలిసినవారు. ధరకు, కారు స్థితిని బట్టి శ్రేణులవారీగా (మొదటిది అన్నిటికంటే మేలైనది) ధరలిచ్చే హ్యాగర్టీ పట్టికలు చూడండి, అయితే మన కార్లన్నీ మన కంటికి మొదటి శ్రేణిలోనే ఉంటాయి. నిజానికి నడిపే కారు సాధారణంగా మూడో శ్రేణిది.

డబ్బు విషయంలో ఒకటే పద్ధతి: కొనేవాడి బ్యాంకుకు ఇద్దరూ కలిసి వెళ్లి, క్యాషియర్స్ చెక్ (బ్యాంకే తన పేరు మీద ఇచ్చే చెక్) కౌంటర్ దగ్గర మీ ఎదురుగా రాయించుకోవాలి. కారు చూడకుండానే అడిగిన దానికంటే ఎక్కువకు చెక్ పంపి, మిగిలింది రవాణా మనిషికి ఇవ్వమనేవాడు మోసగాడు. కాలిఫోర్నియాలో ఉంటే, అమ్మిన 5 రోజుల్లోపు డీఎంవీకి (వాహనాల రిజిస్ట్రేషన్ శాఖకు) యాజమాన్య బదిలీ నోటీసు పంపండి. 1975, అంతకు ముందు మోడళ్ల పెట్రోలు కార్లకు అక్కడ పొగ పరీక్ష లేదు కాబట్టి మార్చిన ఇంజను ఆ విషయంలో అడ్డు రాదు.

ఇక రంగు. వేయించకండి. నిగనిగలాడే తాజా రంగు చూడగానే అనుభవజ్ఞుడు జేబులోంచి అయస్కాంతం తీస్తాడు, రేకు బదులు పుట్టీ ఎక్కడ ఉందోనని. ఆ డబ్బుతో టైర్లు మార్చండి. వాటి అంచున తయారీ వారం, ఏడాది అచ్చువేసి ఉంటాయి, వచ్చినవాడు వంగి అవీ చదువుతాడు.