అమ్మమ్మ ఇత్తడి గుండిగ మీద ప్రాజెక్టు: ఎక్కడ మొదలుపెట్టాలి

మీ అమ్మమ్మగారి గుండిగ (వంటకి వాడే పెద్ద పాత్ర) మీద ప్రాజెక్టులో ఎత్తు, బరువు, ఇత్తడి అని రాశాక ఇంకేం రాయాలో తోచట్లేదన్నారు కదా, కారణం ఏంటంటే మీరు గుండిగనే చూస్తున్నారు, అది ఎవరింటి నుంచి ఎవరింటికి వచ్చిందో చూడట్లేదు.

1. ముందు దాన్ని చింతపండుతో తోమకండి. పాలిష్‌కి అసలే ఇవ్వొద్దు, మీద ఉన్న గుర్తులు ఇంకా అరిగిపోతాయి.

2. చాలామంది వదిలేసేది ఇదే. అంచు కింద చుట్టూ వేలితో తడమండి. పాత సామాను మీద చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించేవాళ్ళు. గది చీకటి చేసి ఫోన్ టార్చ్ పక్క నుంచి ఏటవాలుగా వేస్తే అరిగిపోయిన అక్షరాలు కూడా నీడపట్టి తేలతాయి. అప్పటికీ తెలియకపోతే కాస్త బియ్యప్పిండి రుద్ది పైపైన తుడవండి, గుంటల్లో తెల్లగా నిలుస్తుంది. మా ఇంట్లో బిందె మీద నాయనమ్మ పుట్టింటివాళ్ళ ఇంటిపేరు ఇలాగే దొరికింది, అది సారెలో వచ్చిందని మాకు అప్పటిదాకా తెలియదు.

3. ఆ పేరు పట్టుకుని పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. "దీని ప్రాముఖ్యం ఏంటి" అంటే ఎవరూ చెప్పలేరు. "ఎవరు పెట్టారు, ఎవరి పెళ్ళిళ్ళకి అడిగి తీసుకెళ్ళేవాళ్ళు" అనండి. పది ఇళ్ళ సామాను ఒక్క పందిట్లో కలిసినప్పుడు ఎవరిది వాళ్ళకి తిరిగి చేరాలంటే ఆ పేరే ఆధారం.

4. లోపల తెల్లటి కళాయి పూత మిగిలిందేమో చూడండి. పులుపు తగిలితే ఇత్తడి చిలుమెక్కుతుంది, అందుకే తగరం పూత వేయించేవాళ్ళు. ఉంటే అందులో బహుశా వంట చేశారన్నమాట.

అక్షరాలు చదవలేకపోతే టార్చ్ వెలుగులో తీసిన ఫోటో ఇక్కడే పెట్టండి.