సర్వర్ దగ్గర ఆగని ఫారం

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్వ్యూలో నా ప్రాజెక్టు చూసి, 'బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ ఆపేస్తే మీ రిజిస్ట్రేషన్ ఫారం ఏమవుతుంది?' అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. బ్యాకెండ్ (సర్వర్ వైపు కోడ్ రాసే) ఉద్యోగానికి పనికిరానేమోనని టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు ఇంకో ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవాలా?

జవాబు: పనికొస్తారు. కొత్త ఫ్రేమ్‌వర్క్ మాత్రం ఇప్పుడు వద్దు. అదే ఫారం మీద ఒక వారం కూర్చోండి.

జావాస్క్రిప్ట్ ఆపేస్తే, దానితో బ్రౌజర్‌లో చేసే చెకింగ్ జరగదు; రాసింది రాసినట్టే సర్వర్‌కు వెళ్తుంది. ఆ చెకింగ్ వాడేవారి సౌకర్యం కోసం. తప్పు రాస్తే వెంటనే తెలుస్తుంది, అంతే. సర్వర్‌కు వచ్చిన రిక్వెస్టు మీ ఫారం నుంచే వచ్చిందని నమ్మకం లేదు. బ్రౌజర్ లేకుండా రిక్వెస్టులు పంపే కర్ల్, పోస్ట్‌మ్యాన్ లాంటి టూల్స్‌తో ఎవరైనా నేరుగా పంపొచ్చు. మీ డ్రాప్‌డౌన్‌లో మూడే ఆప్షన్లు ఉన్నా నాలుగోది రావచ్చు. కనపడకుండా దాచిన ఫీల్డులో ధర పెడితే దాన్ని మార్చి పంపొచ్చు. అందుకే ధరను ఫారం నుంచి తీసుకోకూడదు, డేటాబేస్ నుంచే చదవాలి.

మీ ఫారానికి మీరే కర్ల్‌తో చెత్త డేటా పంపి చూడండి. వయసు మైనస్ 5, పదివేల అక్షరాల పేరు, అసలు పంపకుండా వదిలేసిన ఫీల్డు, రెండుసార్లు వచ్చిన ఫీల్డు. ఎక్కడైనా 500 ఎర్రర్ (సర్వర్ కోడే దెబ్బతిన్నదనే సంకేతం) వస్తే అక్కడ మీ పని మిగిలే ఉంది. అదనపు ఫీల్డులు కూడా పంపి చూడండి. 2012లో కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్‌లో జరిగింది ఇదే: ఫారంలో లేని ఫీల్డు ఒకటి జోడించి పంపి, ఒకరు తన కీని (లాగిన్‌కు వాడే తాళంచెవి లాంటిది) రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్టు ఖాతాకు చేర్చగలిగారు. ఏ ఫీల్డులను తీసుకోవాలో సర్వర్ ముందే తేల్చుకోవాలని ఆ ఘటనతో చాలామందికి తెలిసొచ్చింది.

జాంగో, లారావెల్, స్ప్రింగ్ లాంటి ఫ్రేమ్‌వర్క్‌లు డేటా రూపాన్ని బాగానే చూస్తాయి: ఇది తేదీయేనా, ఇది అంకెయేనా, పొడవు ఎంత. అర్థాన్ని చూడటం మాత్రం మీ పని. ముగింపు తేదీ మొదలు తేదీ తర్వాతే ఉందా? మార్చబోతున్న ఆర్డరు ఈ యూజర్‌దేనా? ఇంటర్వ్యూలో అసలు చర్చ ఇక్కడే సాగుతుంది. ఇద్దరు ఒకే క్షణంలో ఒకే యూజర్‌నేమ్ అడిగారనుకోండి. 'ఇది ఎవరికైనా ఉందా' అని మీ కోడ్ చూసినప్పుడు ఇద్దరికీ 'లేదు' అనే వస్తుంది. ఒకే పేరు ఇద్దరికీ వెళ్లకుండా ఆపేది డేటాబేస్‌లో పెట్టిన యూనిక్ కన్‌స్ట్రెయింట్, అంటే ఒకే విలువ రెండుసార్లు ఉండకూడదనే నియమం. అది విసిరే ఎర్రర్‌ను పట్టుకుని, మామూలు ఫారం ఎర్రర్‌లాగే చూపించాలి. ఈ ఒక్క విషయం చెప్పగలిగినా మీరు నిజంగా ఫారం రాశారని ఎదుటివారికి అర్థమవుతుంది.

వ్యాలిడేషన్ (వచ్చిన డేటాను సరిచూడటం) ఉంటే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్, అంటే ఫారంలో రాసిన మాటలు డేటాబేస్ ఆదేశంగా నడిచిపోవడం, రాదని చాలామంది విద్యార్థులు చెబుతుంటారు. అది పొరపాటు. ఆ భయంతో పేరులో అపాస్ట్రఫీని నిషేధిస్తే ఓ'బ్రయన్ అనే మనిషి రిజిస్టరే కాలేడు. ఇంజెక్షన్‌ను ఆపడానికి పారామీటర్ క్వెరీలు (ఆదేశాన్నీ డేటానూ వేరుగా పంపేవి) వాడాలి. ఆ డేటాను పేజీలో చూపేటప్పుడు అది కోడ్‌గా నడవకుండా ఎస్కేప్ చేయాలి. ఈమెయిల్ సరైనదో కాదో చూడటానికి మూరెడు రెజెక్స్ (అక్షరాల వరుసను సరిచూసే సూత్రం) రాసే బదులు కన్ఫర్మేషన్ లింకు పంపండి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది వేరే ఉంది. ఇరవై గళ్లు నింపినవారికి ఒక్క తప్పు వల్ల ఖాళీ ఫారం మళ్లీ చూపించడం చాలా అన్యాయం. పాస్‌వర్డ్ తప్ప రాసినవన్నీ అలాగే ఉంచండి. తప్పులన్నీ ఒకేసారి, ఏ గడిలో తప్పు ఉందో దాని పక్కనే చెప్పండి. 'చెల్లని ఇన్‌పుట్' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. 'ముగింపు తేదీ మొదలు తేదీకి ముందు ఉంది' అంటే సరిదిద్దుకుంటారు. సేవ్ అయ్యాక వేరే పేజీకి రీడైరెక్ట్ చేయండి, లేకపోతే పేజీని రిఫ్రెష్ చేసినప్పుడు అదే డేటా మళ్లీ వెళ్లే ప్రమాదం ఉంది.

మీరు పంపిన ప్రతి చెత్త డేటాకూ ఒక టెస్టు రాసి ప్రాజెక్టులో ఉంచండి. రెజ్యూమెలో 'రిజిస్ట్రేషన్ ఫారం తయారుచేశాను' అనే వాక్యం పక్కన ఆ టెస్టుల లింకు ఇవ్వండి. ఈసారి ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వస్తే, ల్యాప్‌టాప్ తెరిచి వాటిని నడిపి చూపించండి.