నాన్న సంతకానికి మీ అనుమతి దేనికి?

"మా నాన్నకు 68 ఏళ్లు, షుగరు ఉంది. అమ్మ పోయాక కోలారు జిల్లా శ్రీనివాసపురం దగ్గర మా పల్లెలోనే ఒంటరిగా ఉంటున్నారు. మెదడు పరిశోధన అంటూ ఎవరో వస్తే నాకు మాటమాత్రం చెప్పకుండా సంతకం పెట్టేశారు. రక్తం తీసి, స్కానింగు చేస్తారట. కొడుకు పట్టించుకోవట్లేదేమో అని బంధువులు అంటున్నారు. రోజూ ఫోన్ చేసి మాత్రలు వేసుకున్నారా అని అడుగుతూనే ఉన్నాను. ఎలా మాన్పించాలి?" - ఒక కొడుకు, బెంగళూరు

మాన్పించే హక్కు మీకు లేదు. బంధువుల మాట పక్కన పెట్టండి.

మీరుండే బెంగళూరులోనే, ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ వాళ్లు శ్రీనివాసపురం పల్లెల్లో 45 దాటినవారిని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ, మెదడు ముసలితనం ఎలా వస్తుందో గమనిస్తున్నారు. మందు ఇచ్చి చూసే ప్రయోగం కాదది. అలాగని వైద్యమూ కాదు. షుగరు డాక్టరును మానకూడదు. నాన్న చేరింది ఇందులోనేనా అన్నది సమ్మతి పత్రం చూస్తే తెలుస్తుంది. దాని ప్రతి ఒకటి ఆయన దగ్గర ఉండాలి. జన్యు పరీక్ష ఫలితం చెబుతారా, చెప్పరా అన్నది ముందే అడగమనండి. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే మానుకోవచ్చు. ఆ నిర్ణయమూ ఆయనదే.

మీరు చేయగలిగిన సాయం వేరే ఉంది. పరగడుపు రక్తపరీక్ష రోజున షుగరు మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో బయల్దేరితే కళ్లు తిరిగి పడిపోవచ్చు. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ముందే కనుక్కుని, టిఫిను కట్టించి పంపండి. కళ్లద్దాలు, చెవి మిషను మరిచిపోతే మరీ నష్టం: ప్రశ్న సరిగ్గా వినపడక తప్పు చెప్పినా జ్ఞాపకశక్తి తగ్గిందన్న లెక్కలోకే పోతుంది. ఎమ్మారై స్కానింగు ముందు పేస్‌మేకరు, ఒంట్లో లోహపు ముక్క, ఎప్పుడో కంట్లో పడిన ఇనుప రజను, ఏది ఉన్నా చెప్పి తీరాలి.

ఇక అసలు సంగతి. ఉత్తరం నిండా "నాకు చెప్పకుండా" అన్న ఉక్రోషమే. ఎందుకు చెబుతారు? మీ ఫోన్లో మాత్రల హాజరు తప్ప ఇంకో మాట ఉందా? అక్కడ ఎవరో ఎదురుగా కూర్చుని, ఆయన జీవితం గురించి ఓపిగ్గా అడిగి రాసుకుంటున్నారు. కన్నతండ్రిని రోగిగా కాక మనిషిగా పలకరించడం కొడుకు బాధ్యతే, జీతానికి వచ్చినవాళ్లది కాదు.

ఈ ఆదివారం ఊరెళ్లండి. ఏమడిగారు, ఏం చెప్పావు నాన్నా అని అడగండి. ఆ పూటకు షుగరు ఊసెత్తకండి.