యాపిల్ సైడర్ చేదెక్కితే ఇలా చేయండి

మీ సైడర్, అంటే మసాలాలు వేసి కాచిన యాపిల్ రసం, చేదుగా ఉంది, అడుగున ఇసుకలా తగులుతోంది అన్నారు కదండీ, దానికి కారణం మీరు వేసిన దాల్చినచెక్క, లవంగాల పొడే. ఆ పొడి కరగదు, పైగా గంటన్నర మరిగేసరికి చేదంతా దిగిపోతుంది. మీరు వేసిన నారింజ తొక్క లోపలి తెల్లపొర కూడా దానికి తోడైంది.

ఈసారి మసాలాలన్నీ పొడి చేయకుండా అలాగే వేయండి, హైదరాబాద్ బేగంబజార్‌లో మంచివి దొరుకుతాయి. 2 కిలోల యాపిల్స్ గింజలు తీసి ముక్కలు కోసి, మునిగేదాకా నీళ్లు పోసి సన్నటి సెగ మీద గంటసేపు ఉడికించి మెదిపి వడకట్టండి. ఆ రసంలో 2 దాల్చినచెక్క ముక్కలు, 6 లవంగాలు, 1 అనాసపువ్వు పల్చటి గుడ్డలో మూటకట్టి వేసి కాచి, 20 నిమిషాలకి ఆ మూట తీసేయండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. బెల్లం చివర్లో, రుచి చూసుకుంటూ. అన్నీ తియ్యటి యాపిల్సే కాకుండా రెండు మూడు పుల్లటి గ్రీన్ యాపిల్స్ కలిపితే రుచి చాలా బాగుంటుంది.

ఇప్పుడున్నది పారబోయకండి, పాపం అంత కష్టపడ్డారు. రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే పొడి అడుక్కి దిగుతుంది, పైతేట మెల్లగా వంచుకుని అంతే కొలత మామూలు యాపిల్ రసం, చిటికెడు ఉప్పు కలపండి, చేదు బాగా తగ్గుతుంది.